సముద్రం లేని సర్ఫ్: ఐయోవా బేస్‌మెంట్‌లో దొరికిన ఒక 45

"అన్నా, బేస్‌మెంట్లో రెండు పెట్టెల నిండా పాత రికార్డులున్నాయి. ఇల్లమ్మినవాళ్లు వదిలేసి పోయారు. పారేయమంటావా, వచ్చి చూస్తావా?"

2023 నవంబరులో వచ్చిన ఫోన్ ఇది. చేసినవాడు ఐయోవాలో డెమోయిన్ దగ్గర కొత్తగా ఇల్లు కొన్న తమ్ముడు. రక్తసంబంధం ఏమీ లేదు, గుంటూరులో మా వీధివాడు. పారేయొద్దు, తడి తగిలే చోట పెట్టొద్దు, ముఖ్యంగా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు అని మూడు మాటలు చెప్పి ఆ శనివారమే బయల్దేరాను.

నేనుండేది మినియాపోలిస్‌లో. వారమంతా డేటాబేస్‌ల పని. శని, ఆదివారాల్లో అడిగినవాళ్లకు పాత 45 ఆర్‌పీఎం సింగిల్స్ (నిమిషానికి 45 సార్లు తిరిగే, వైపుకొక్క పాటుండే చిన్న రికార్డులు) శుభ్రం చేసి, ఎంత బాగున్నాయో గ్రేడ్ వేసి, ఏ ఏడాదివో తేల్చిపెడతాను. నాకోసం పోగేసుకునేవి మాత్రం ఒక్క రకమే: 1958 నుంచి 1966 దాకా వచ్చిన గిటార్ ఇన్‌స్ట్రుమెంటల్స్, అంటే గొంతు లేని, వాయిద్యాలే ఉన్న సర్ఫ్ (కాలిఫోర్నియా తీరంలో, అలల మీద పలకెక్కి ఆడే కుర్రాళ్ల మధ్య పుట్టిన గిటార్ సంగీతం), గరాజ్ (ఇంటి గరాజుల్లో వాయించిన కుర్ర బ్యాండ్లది), ఆ చుట్టుపక్కల సరుకు. వాటిలోనూ పెద్ద కంపెనీలవి కాదు, ఊళ్లో కుర్రాళ్లు సొంత డబ్బుతో కొట్టించుకున్నవి. చిన్నప్పుడు మా ఇంట్లో హెచ్‌ఎంవీ ఈపీలు ఉండేవి. వాటి మధ్య చిల్లు పెన్సిల్ దూరేంత. అమెరికా సింగిల్ మధ్యలో అంగుళంన్నర చిల్లు చూసిన మొదటి రోజు, ఇది ఎవరో కోసేసిన రికార్డనుకున్నాను.

ఈ కేసులో నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు వల్లే ఇది రాస్తున్నాను.

పెట్టెల్లో ఉన్నవి

రెండు పెట్టెల్లో కలిపి 140 పైచిలుకు. సగానికి సగం క్రిస్మస్ పాటలు, పోల్కాలు. మిగిలినవాటిలో ఆ ఇంట్లో ఎవరో ఒకరికి గిటారంటే ప్రాణమని తెలిసిపోతోంది. జేమీ లేబుల్ (రికార్డు వేసిన కంపెనీ పేరు) మీద డ్వేన్ ఎడ్డీ, డోల్టన్ మీద వెంచర్స్, వార్విక్ మీద జానీ అండ్ ద హరికేన్స్. డాట్ లేబుల్ మీద షాంటేస్ వాళ్ల "పైప్‌లైన్" కూడా ఉంది. ఇవన్నీ బాగా అమ్ముడుపోయినవే కాబట్టి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి.

పైప్‌లైన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఈ రకం సేకరణ మొత్తం అందులో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో శాంటా ఆనా హైస్కూలు కుర్రాళ్లు దాన్ని కుకమొంగాలో పాల్ బఫ్ నడిపిన పాల్ స్టూడియోలో రికార్డు చేశారు. మొదట వేసింది డౌనీ అనే చిన్న లేబుల్, అది డౌనీ ఊళ్లో ఒక మ్యూజిక్ షాపువాళ్లది. అప్పుడు దాన్ని "మూవ్ ఇట్" అనే పాటకి వెనకవైపు వేశారు. రేడియోవాళ్లు వెనకవైపు తిప్పి వాయించడంతో డాట్ కంపెనీ ఎత్తుకుంది, 1963లో బిల్‌బోర్డ్ పత్రిక హిట్ పాటల జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లింది. పాట అదే, గాడి అదే. కానీ డౌనీ కాపీ కోసం వెతుకుతాం, డాట్ కాపీని పక్కన పెట్టేస్తాం. ఇది పిచ్చి కాదా అని మా ఆవిడ అడుగుతుంది. పిచ్చే.

రెండో పెట్టె అడుగున, కవరు లేకుండా, రెండు పోల్కాల మధ్య ఉంది అసలు కేసు. మధ్యలో తెల్ల కాగితం లేబుల్, నల్ల అక్షరాలు. లేబుల్ పేరు, బ్యాండ్ పేరు రెండూ నేనెప్పుడూ విననివి. పాట పేరులో రెండే మాటలు, రెండోది "సర్ఫ్". పూర్తి పేర్లు ఇక్కడ రాయడం లేదు. అప్పట్లో ఆ బ్యాండ్‌లో వాయించి, ఇప్పటికీ ఉన్న పెద్దాయన వద్దన్నారు, అంతే. లేబుల్ అంచున నీలం బాల్‌పెన్‌తో ఎవరో "సర్ఫ్ శని 9" అని ఇంగ్లిష్‌లో గిలికారు. అది చూసి నా షీట్‌లో లోపాల గడిలో "డబ్ల్యూఓఎల్" అని కొట్టేశాను. మా అమ్మకాల భాషలో లేబుల్ మీద రాత అని దానర్థం. దానివల్ల ధర తగ్గుతుంది. అంతకుమించి ఆ రాత గురించి నేను మరుక్షణం కూడా ఆలోచించలేదు.

గాడి ఏం చెప్పిందంటే

ఇంటికొచ్చాక మొదటి పని, వాయించడం కాదు. ముందు చేత్తో చూసుకోవాలి. అంచు మీద గోటితో తడితే మెత్తగా, బరువుగా మోగింది, అంటే వినైల్ అనే ప్లాస్టిక్. రికార్డులకు వాడిన ఇంకో ప్లాస్టిక్, స్టైరీన్ అయితే డబ్బా మూత తట్టినట్టు గట్టిగా టక్కుమంటుంది. ఈ తేడా ఎందుకు చూసుకోవాలంటే, అరిగిన ముల్లుతో నాలుగుసార్లు వాయిస్తే స్టైరీన్ గాడి తెల్లగా పొడైపోతుంది, ఇక ఆ బుసబుసని ఏ శుభ్రమూ పోగొట్టలేదు.

డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్, గాడి తిరిగిన దిక్కులోనే. లేబుల్‌కి తడి తగలకుండా రెండువైపులా రబ్బరు బిళ్లలు. ఆరాక, టేబుల్ లైటు ఆపేసి, టార్చిని దాదాపు పడుకోబెట్టి, పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ వలయం మీద వెలుతురు పడేలా తిప్పుతాను. మా వాళ్లు డెడ్‌వాక్స్ అంటారు దాన్ని. నేరుగా చూస్తే నల్లగా నున్నగా ఉంటుంది. ఏటవాలుగా వెలుతురు పడగానే గీతలు లేచి నిలబడతాయి.

నంబరు ఉంది. లేబుల్ మీద అచ్చయినదీ ఇదీ ఒకటే. మొదటి అక్షరం ఎం, తర్వాత 8, ఓ, డబ్ల్యూ, ఆ తర్వాత నాలుగంకెలు. పక్కన చిన్న ముద్రలాగా ఐ అనే అక్షరం.

ఇక్కడ గుండె కొంచెం వేగం అందుకుంది. ఇది ఆర్‌సీఏ కంపెనీ కస్టమ్ విభాగం వాడిన పద్ధతి. మన హెచ్‌ఎంవీ కుక్కే ఆర్‌సీఏ విక్టర్‌ది కూడా. అయితే కస్టమ్ పనిలో కుక్క కనపడదు, ఎవడు డబ్బు కడితే వాడి పేరుతో లేబుల్ వేసి ఇచ్చేవాళ్లు. ఐ అంటే ఇండియానాపోలిస్ ఫ్యాక్టరీ. నంబరులో మొదటి అక్షరం ఏడాది: కె 1959, ఎల్ 1960, ఎం 1961, ఎన్ 1962. సున్నాలా కనపడే ఓని వదిలేసి 1963కి పి ఇచ్చారు. అప్పటికి నంబరు తీరు కూడా మారి పి, కె, 4, ఎం అని వస్తుంది.

అంటే నా చేతిలో ఉన్నది 1961లో మాస్టర్ చేసిన రికార్డు, పేరులో సర్ఫ్, వచ్చింది ఐయోవా నుంచి.

ఇందులో అంత గొప్పేమిటో తెలియాలంటే కాలిఫోర్నియాలో అప్పుడు ఏం జరుగుతోందో తెలియాలి. గిటారిస్టు డిక్ డేల్ "లెట్స్ గో ట్రిప్పిన్" డెల్‌టోన్ లేబుల్ మీద వచ్చింది 1961లోనే. బాల్బోవాలోని రాందేవూ బాల్‌రూమ్ అనే డాన్స్ హాల్లో ఆయన వాయిస్తుంటే సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు వచ్చి ఎగిరేవాళ్లు. బెల్‌ఎయిర్స్ "మిస్టర్ మోటో" ఆర్వీ లేబుల్ మీద వచ్చిందీ అదే ఏడు. సర్ఫ్ ఇన్‌స్ట్రుమెంటల్ అనే మాట దేశమంతా పాకడానికి ఇంకా ఏడాదిన్నర పడుతుంది. కొలరాడోలో ఆస్ట్రోనాట్స్, మినియాపోలిస్‌లో ట్రాష్‌మెన్ లాంటి సముద్రం లేని ఊళ్ల బ్యాండ్లు ఈ దారి పట్టింది 1963లో. అలాంటిది 1961లో, ఏ సముద్రానికైనా వెయ్యి కిలోమీటర్ల పైమాటే అయిన మొక్కజొన్న చేల మధ్య నుంచి సర్ఫ్ సింగిల్! నాకా రాత్రి నిద్ర పట్టలేదు.

విన్నాను

రెండు నిమిషాలు దాటీ దాటకుండా అయిపోతుంది. గిటార్ లావు తీగల మీద ఒక చిన్న ముక్క, నాలుగుసార్లు. తర్వాత శాక్సఫోన్ అందుకుంటుంది, కాస్త గొంతు బొంగురుపోయినట్టు. మధ్యలో ఒకచోట డ్రమ్ములవాడు అర దెబ్బ ముందే పడి, తేరుకుని, మళ్లీ కలుస్తాడు. చివర డ్రమ్ముల పక్కనుండే సింబల్‌ని (పళ్లెం లాంటి తాళాన్ని) చేత్తో పట్టి ఆపిన చప్పుడు, దాని వెనక కుర్చీ కిర్రుమనడం. ఆ కుర్చీ కోసం ఆరుసార్లు విన్నాను. డబ్బున్న స్టూడియో అయితే అది కోసేసేవాళ్లు.

సర్ఫ్ అనగానే అందరూ వెతికే తడి శబ్దం, అదే గిటార్ కంపెనీ ఫెండర్ చేసిన స్ప్రింగ్ రివర్బ్ పెట్టె (స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించేది) ఇచ్చే నీళ్ల చుక్కల మోత, ఇందులో లేదు. ఉన్నది గది ప్రతిధ్వని, అదీ కొంచెమే. ఇక్కడే నేను ఆగి ఉండాల్సింది. కానీ నాకో సమాధానం సిద్ధంగా ఉంది, అది తప్పు సమాధానం కూడా కాదు. ఫెండర్ ఆ పెట్టెను అమ్మకానికి తెచ్చిందే 1961లో. "లెట్స్ గో ట్రిప్పిన్"లో కూడా ఆ తడి లేదు. కాబట్టి రివర్బ్ లేనంత మాత్రాన సర్ఫ్ కాదనలేం. నిజమే. కానీ అదే నోటితో, రివర్బ్ లేదు, వేగంగా పైకీ కిందకీ తీగను కొట్టే పద్ధతి లేదు, శాక్సఫోన్ హరికేన్స్ బాణీలో ఉంది, మరి సర్ఫ్ అనడానికి పేరు తప్ప ఏముంది అని కూడా అడగాలి కదా. అడగలేదు. మనసులో సముద్రం ఉంటే చెవికి అదే వినపడుతుంది.

కాలిఫోర్నియాలో నాకు తెలిసిన ఒక కలెక్టర్‌కి ఆ వారమే మెసేజ్ పెట్టాను: 1961, ఐయోవా, సర్ఫ్, ఎవరి జాబితాలోనూ లేదు. గంటలో నాలుగంకెల ధర పలికాడు. రికార్డు నాది కాదు, తమ్ముడిది. వాడికి చెబితే ఫోన్‌లో ఒక్క నిమిషం మాట లేదు. తర్వాత "అన్నా, ఇంటి రూఫ్ మార్పించాలి" అన్నాడు.

పేర్ల వెంట

ధర పలికాక పని ఇంకా జాగ్రత్తగా చేయాలి. ముందు, ఇల్లు అమ్మినవాళ్లను రియల్టర్ ద్వారా అడిగించాం. పెట్టెలు పొరపాటున వదిలేశారేమోనని. అక్కర్లేదు, ఉంచుకోండి అన్నారు. అది ఈమెయిల్‌లో తీసుకున్నాం.

లేబుల్ మీద పాట కట్టినవాళ్ల ఇంటిపేర్లు రెండు మాత్రమే ఉన్నాయి. ఇలాంటప్పుడు నేను మొదట వెళ్లేది అమెరికా కాపీరైట్ ఆఫీసు పాత కేటలాగులకు. 1972 ఫిబ్రవరి 15కి ముందు అక్కడి కేంద్ర చట్టంలో రికార్డింగుకి కాపీరైట్ లేదు, బాణీకి మాత్రమే ఉండేది. అందుకని ఊళ్లో కుర్రాళ్లు కూడా బాణీని కాగితం మీద స్వరాలు రాసి వాషింగ్టన్‌కి పంపేవాళ్లు. అచ్చు కాని సంగీతానికి ఈయూ అని మొదలయ్యే నంబరు ఇచ్చేవాళ్లు. ఏడాదికి రెండు సంపుటాలు. ఇప్పుడవన్నీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. స్కాన్‌లో అక్షరాలు సరిగ్గా పడవు కాబట్టి సెర్చ్‌ని నమ్మకుండా పేజీలు తిప్పుకోవాల్సిందే. మూడు రాత్రులు తిప్పాను. 1961 రెండో సంపుటంలో దొరికింది: పాట పేరు, ఇద్దరి పూర్తి పేర్లు, జులై తేదీ.

పూర్తి పేర్లు దొరికితే ఆ తర్వాత దారి తెలిసిందే. స్కూలు ఇయర్‌బుక్కులు, ఊరి పేపర్లు, చివరికి సంతాప ప్రకటనలు. పాట కట్టిన ఇద్దరిలో ఒకరు పోయారు. ఆయన సంతాప ప్రకటనలో "కుర్రతనంలో కాంబోలో గిటార్ వాయించేవారు" అని ఒక వాక్యం ఉంది. కాంబో అంటే చిన్న బ్యాండ్. రెండో ఆయన బేస్ వాయించినాయన, ఉన్నారు. ఉత్తరం రాశాను. ఇలాంటి పెద్దవాళ్లకి ఫోన్ చేస్తే ఇన్సూరెన్స్ మోసం అనుకుంటారు. ఉత్తరంలో లేబుల్ ఫోటో పెట్టి, నా నంబరు ఇచ్చి, వీలైతేనే చేయమన్నాను. తొమ్మిదో రోజున ఫోన్ చేశారు.

నేను అడగాల్సినవి వరసగా రాసుకున్నాను. రికార్డింగ్ ఎక్కడ? ఊళ్లో రేడియో స్టేషన్‌లో, రాత్రి ప్రసారం అయిపోయాక, ఒకే మైకు. టేపు పోస్టులో ఆర్‌సీఏకి పంపారు. ఎన్ని కాపీలు? 500. కారు డిక్కీలో పెట్టుకుని, డాన్స్ అయ్యాక డాలరుకొకటి అమ్మారు. సగం మిగిలితే గిటారిస్టు వాళ్ల నాన్న ఎండిన మొక్కజొన్న కంకుల కొట్టంలో పడేశాడు, వాన లోపలికొచ్చి పోయాయి.

ఆరో ప్రశ్న: 1961లో మీకు సర్ఫ్ మ్యూజిక్ ఎలా తెలిసింది?

అవతల కాసేపు నిశ్శబ్దం. "ఏ సర్ఫ్? మేం సర్ఫ్‌లో వాయించాం కదా, అందుకు పెట్టాం."

సర్ఫ్ బాల్‌రూమ్. క్లియర్ లేక్, ఐయోవా. 1959 ఫిబ్రవరి 2న రాక్ అండ్ రోల్ గాయకులు బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, బిగ్ బాపర్ చివరిసారి పాడిన హాలు. ఆ అర్ధరాత్రి దాటాక వాళ్లెక్కిన చిన్న విమానం కూలిపోయింది. 1933లో సరస్సు ఒడ్డున మొదట కట్టినప్పుడే సముద్రతీరపు క్లబ్బులా ఉండాలని గోడల మీద తాటిచెట్లు, పేరు సర్ఫ్ అని పెట్టారు. 1947లో కాలిపోతే మరుసటి ఏడు మళ్లీ కట్టారు. పైకప్పు మీద మబ్బులు కదులుతున్నట్టు వెలుతురు వేస్తారు. ఇదంతా నాకు తెలియనిదా? ఆ హాల్లో నేను నిలబడి ఫోటో దిగాను. పైగా మినియాపోలిస్ నుంచి డెమోయిన్ వెళ్లే 35వ నంబరు హైవే క్లియర్ లేక్ పక్కనుంచే పోతుంది. పెట్టెలు తేవడానికి వెళ్లినరోజు ఆ ఎగ్జిట్ దాటాక ఆగి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాను.

"పేరు అలా పెడితే హాలువాళ్లు ముచ్చటపడి ఇంకోసారి పిలుస్తారనుకున్నాం" అన్నారు పెద్దాయన. పిలిచారా అంటే, ఈలోగా శాక్సఫోన్ కుర్రాడు కాలేజీకి వెళ్లిపోయాడు, బ్యాండ్ అయిపోయింది. "సముద్రం నేను మొదటిసారి చూసింది శాన్ డియేగోలో, నేవీలో చేరాక."

షీట్ దిద్దడం

ఫోన్ పెట్టేశాక రికార్డు బయటికి తీశాను. సర్ఫ్ శని 9. లేబుల్ మీద అచ్చులో ఎలాగూ సర్ఫ్ అని ఉంది కాబట్టి, పెన్నుతో రాసింది దాని నకలే అనుకున్నాను. కాదు. ఎవరో డాన్స్ ఎక్కడో, ఎప్పుడో గుర్తుకోసం చేతికందిన కాగితం మీద రాసుకున్నారు, ఆ కాగితం ఈ లేబుల్ అయింది. 9 అంటే తొమ్మిది గంటలా, తొమ్మిదో తారీఖా? 1961లో తొమ్మిదో తారీఖు శనివారం పడింది రెండే నెలల్లో, సెప్టెంబరు, డిసెంబరు. బాణీ రిజిస్టరైంది జులైలో కాబట్టి రెండూ కుదురుతాయి. పెద్దాయనకి నెల గుర్తులేదు, చలిగా ఉందంటారు. ఐయోవాలో అది సాక్ష్యం కాదు.

కాలిఫోర్నియా కలెక్టర్‌కి అదే రాత్రి జరిగింది జరిగినట్టు రాశాను. రాయకుండా అమ్మేసినా పట్టుబడేవాడిని కాదేమో, గాడి మీద నంబరు నిజం, ఏడాది నిజం, పేరు నిజం. అతను పాత ధరలో ఐదోవంతు ఇస్తానన్నాడు. నేను తిట్టుకోను, అతను కొనేది సర్ఫ్, ఇది అది కాదు. నా షీట్‌లో వర్గం గడిలో "సర్ఫ్" తీసేసి "ఐయోవా కాంబో ఇన్‌స్ట్రుమెంటల్, 1961" అని పెట్టాను. గ్రేడ్ మాత్రం వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్) నుంచి ఒక మెట్టు కింద వీజీకి దించి ఉంచాను, లేబుల్ మీద రాత ఉంటే దించాలన్న పద్ధతి మార్చలేదు. ఇప్పుడు చేసే కొత్త అలవాటు ఒక్కటే: డబ్ల్యూఓఎల్ అని కొట్టి ఊరుకోకుండా, ఆ రాతలో ఏముందో అక్షరం అక్షరం పక్క గడిలో దించుకుంటున్నాను. ఈ ఏడాదిలో రెండు పార్టీల తేదీలు, ఒక లైబ్రరీ కార్డు నంబరు దొరికాయి.

తమ్ముడికి చెప్పడానికి కొంచెం టెన్షన్ పడ్డాను. రూఫ్ సంగతి. వాడు నవ్వి, "అయితే అమ్మొద్దులే అన్నా, నాదగ్గరే ఉండనీ" అన్నాడు. వాడి దగ్గర వాయించడానికి ప్లేయర్ కూడా లేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు బేస్‌మెంట్ చూపించాడు. అరల్లో పాతవాళ్లు వదిలేసిన గాజు సీసాలు ఇంకా కొన్ని ఉన్నాయి, పచ్చళ్లు పెట్టుకోవడానికి పనికొస్తాయని వాడి భార్య ఉంచింది. ఒకదాని మీద ఎండిపోయిన కాగితం ముక్క, నీలం బాల్‌పెన్: పీచ్ పళ్లు, 1979. తొమ్మిదికి తోక నిటారుగా దిగి, చివర ఎడమవైపుకి చిన్న కొక్కెం తిరిగి ఉంది. రికార్డు తెచ్చి పక్కన పెట్టి చూశాం.